కుందేటి కొమ్ములు, కీడాజడి: మీ సందేహాలు

గుట్టల మీద దొరికే కుందేటి కొమ్ముల గురించి, హిమాలయాల కీడాజడి గురించి వచ్చిన ఉత్తరాలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాను. రెండింటినీ కలిపి అడిగినవారు ఎక్కువ కాబట్టి జవాబులు కూడా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వీలైతే వరసగా చదవండి.

మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఒకవైపు మా గుట్టల మీది కుందేటి కొమ్ములు, ఇంకోవైపు కీడాజడి. రెండూ ఒకే రకం మూలికలని, గుణాలు ఒకటేనని, మనది కూడా కిలో లక్షల్లో అమ్ముడుపోతుందని రాశారు. నిజమేనా?
– ఒక రైతు, ధర్మవరం

కాదండీ. ఫొటోలో కనిపించే పోలిక మాత్రమే నిజం. రెండూ సన్నగా, ఆకులు లేకుండా నేలలోంచి నిటారుగా లేస్తాయి. పోలిక అక్కడితో సరి.

కుందేటి కొమ్ములు అచ్చంగా మొక్క. శాస్త్రీయ నామం కారల్లుమా అడ్‌సెండెన్స్. జిల్లేడు, గన్నేరు ఉన్న కుటుంబమే దీనిదీ. ఆకులు దాదాపు ఉండవు. ఆకు చేయాల్సిన పనంతా నాలుగు పలకల పచ్చటి కాండమే చేస్తుంది. ఎండ నుంచి తన తిండి తానే వండుకుంటుంది, వానలో పట్టిన నీటిని ఆ కాండంలోనే దాచుకుంటుంది. పగటి ఎండకు కాండం మీది సూక్ష్మ రంధ్రాలు తెరిస్తే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది కదా! అందుకని పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుచుకుని గాలిలోని కార్బన్ డయాక్సైడును లోపలికి తీసుకుంటుంది. తెల్లవారేదాకా దాన్ని ఆమ్లం రూపంలో నిల్వ చేసి, ఎండ వచ్చాక చక్కెరగా మారుస్తుంది. ఈ తరహా మొక్కల కాండం పొద్దున కొరికితే పులుపు ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. కారణం ఇదే.

కీడాజడి మొక్క కాదు, శిలీంధ్రం. పేరు ఒఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్. టిబెట్ పీఠభూమి మీద, నేపాల్, భూటాన్‌లలో, మన దేశంలో ఉత్తరాఖండ్, సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్ ఎత్తుల్లో, సుమారు 3,000 నుంచి 5,000 మీటర్ల మధ్య ఉండే గడ్డిబయళ్లలో మాత్రమే పుడుతుంది. దీనికి పత్రహరితం లేదు, తన తిండి తాను వండుకోలేదు. శిలీంధ్రాలు మొక్కలకంటే జంతువులకే దగ్గరి చుట్టాలు. వాటి కణాల గోడల్లో ఉండేది కైటిన్, అంటే రొయ్య పెంకులోనూ పురుగు పైతొడుగులోనూ ఉండే పదార్థం.

ఇక దాని బతుకు వినండి. ఆ గడ్డి కింద మట్టిలో ఒక రకం చిమ్మెటల గొంగళిపురుగులు వేర్లు తింటూ కొన్నేళ్లపాటు బతుకుతాయి. శిలీంధ్ర బీజం అలాంటి పురుగుకు అంటుకుని ఒంట్లోకి దూరుతుంది. లోపల పోగులు పోగులుగా పెరిగి మెల్లగా దాన్ని తినేస్తుంది. చలికాలం ముందు పురుగు నేలమట్టానికి కాస్త కిందుగా, తల పైకి పెట్టి చనిపోతుంది. మంచు కరిగాక ఆ తల నుంచి ముదురు గోధుమరంగు కాడ ఒకటి మొలిచి గడ్డిలోంచి పైకి వస్తుంది. మనుషులు తవ్వి తీసేది ఈ పురుగునూ కాడనూ కలిపే. అంటే కీడాజడి అనేది ఒక్క ప్రాణి కాదు. చచ్చిన పురుగు, దాన్ని తిన్న శిలీంధ్రం రెండూ కలిసి ఉన్న వస్తువు.

ఇలాంటి రెండింటి గుణాలు ఒకటే ఎలా అవుతాయి? వాటిలోని రసాయనాలు వేరు, పెరిగే తీరు వేరు. మీ కుందేటి కొమ్ములను కిలో లక్షకు కొనేవాడు ఎవడూ లేడు. అలా కొంటామని అడ్వాన్సు అడిగేవారిని దగ్గరికి రానీయకండి.

మా అమ్మమ్మ కుందేటి కొమ్ములతో పచ్చడి నూరేది. ఇప్పుడు గుట్టకెళ్తే ఏది అదో తెలియడం లేదు. జెముడు అనుకుని భయం, నల్లేరు అనుకుని అనుమానం. గుర్తుపట్టడం ఎలా?
– ఒక గృహిణి, పులివెందుల

భయపడటం మంచిదేనమ్మా, ఎందుకంటే జెముడు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది, కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు. మూడింటినీ విడదీయడం కష్టం కాదు.

ముందు ముల్లు చూడండి. కుందేటి కొమ్ములకు ముల్లు ఉండదు. పలకల అంచున చిన్న చిన్న పళ్లలాంటి బొడిపెలు ఉంటాయి, అవి మెత్తగానే ఉంటాయి. బొమ్మజెముడుకు అదే చోట జంట ముళ్లుంటాయి. తర్వాత చివర కొంచెం తుంచండి. తెల్లటి పాలు కారితే అది జెముడు, వదిలేసి చెయ్యి కడుక్కోండి. కుందేటి కొమ్ముల రసం నీళ్లలా తేటగా ఉంటుంది. జిల్లేడు కుటుంబంలో పుట్టి కూడా పాలు లేని గుంపు ఇది.

నల్లేరుతో పొరపాటు పడటం ఇంకా తేలిక. దానిదీ నాలుగు పలకల కాండమే, ముల్లూ లేదు, పాలూ లేవు, పచ్చడీ చేస్తారు. కానీ నల్లేరు తీగ. కణుపు కణుపుకూ నొక్కినట్టు సన్నబడుతుంది, కణుపు దగ్గర ఆకు, నులితీగ ఉంటాయి, కంచెలు పట్టుకుని పాకుతుంది. కుందేటి కొమ్ములకు కణుపు నొక్కు ఉండదు, నులితీగ ఉండదు. కింద నుంచి గుబురుగా కొమ్మలు లేచి పైకి పోయేకొద్దీ సన్నబడతాయి.

పూత సమయంలో అయితే అసలు సందేహమే రాదు. కొమ్మల చివర్లలో ముదురు ఊదారంగు, పసుపు కలిసిన చిన్న పూలు. దగ్గరగా ముక్కు పెడితే కుళ్లు వాసన. ఆ వాసన మనకోసం కాదు, ఈగల కోసం. కుళ్లిన మాంసం అనుకుని వచ్చిన ఈగలే దీని పుప్పొడిని మోస్తాయి. పూత నిలిస్తే రెండేసి కలిసిన సన్నటి నిటారు కాయలు వస్తాయి. ఎండి పగిలితే జిల్లేడు గింజల్లాగే పట్టుకుచ్చులతో విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి.

మన ప్రాంతానికి గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో అనే వృక్షశాస్త్రవేత్త కోరమాండల్ తీరపు మొక్కలపై అచ్చేసిన గ్రంథంలో ఈ మొక్కను 1795లో లోకానికి పరిచయం చేశాడు. ఇక్కడివాళ్లు దీన్ని కారల్లం అంటారని కూడా రాసుకున్నాడు. తర్వాత రాబర్ట్ బ్రౌన్ అదే పేరును ప్రజాతి పేరుగా తీసుకున్నాడు. అరేబియా నుంచి ఆఫ్రికా దాకా ఉన్న దీని చుట్టాలను శాస్త్రజ్ఞులు పిలిచే కారల్లుమా అన్న పేరు మన తెలుగువాళ్ల నోటి నుంచి పోయిందే.

మీ ఊరి గుట్ట మీద ఇప్పుడు కనబడటం లేదంటే కంప కొట్టేశారేమో చూడండి. ఈ మొక్కకు చిన్నప్పుడు నీడ కావాలి. ముళ్లపొదల అడుగున, బండ వారన మొలిచి, ఆ చాటున పెద్దదవుతుంది. పొదలు పోయిన చోట ఇది ఎక్కువ కాలం నిలవదు.

జిమ్‌లో మా కోచ్ కార్డిసెప్స్ క్యాప్సూల్స్ వాడమంటున్నాడు. హిమాలయాల్లో దొరికే అరుదైన కీడాజడి అని సీసా మీద మంచుకొండ బొమ్మ కూడా ఉంది. స్టామినా పెరుగుతుందా? చైనా రన్నర్లు దీనితోనే రికార్డులు కొట్టారట!
– ఒక ఐటీ ఉద్యోగి, మాదాపూర్, హైదరాబాద్

మీ సీసా వెనక వైపు సన్నక్షరాలు చదవండి. అక్కడ కార్డిసెప్స్ మిలిటారిస్ అని ఉంటే అది కీడాజడి కాదు. దానికి దూరపు చుట్టమైన మరో జాతి. నారింజ రంగులో, వేళ్లంత పొడవున పెరుగుతుంది. దాన్ని ఏసీ గదుల్లో సీసాలలో, బియ్యం మీద పెంచుతారు. మార్కెట్లో అందుబాటు ధరకు దొరికే క్యాప్సూళ్లలో ఎక్కువగా ఉండేది ఇదే, లేదా కీడాజడి నుంచి వేరుచేసి తొట్లలో పెంచిన బూజు పోగులు. గడ్డిబయళ్లలో మోకాళ్ల మీద పాకుతూ ఏరిన అసలు కీడాజడి కిలో లక్షల రూపాయలు పలుకుతుంది. అది నెలకు వెయ్యి రెండు వేల సీసాలో పట్టదు.

ఇది మోసం అని తొందరపడి అనను. గదిలో పెంచినదాన్ని దాని పేరుతో అమ్మితే అందులో తప్పేమీ లేదు, పైగా కొండల మీది జాతికి ఊరట. మంచుకొండ బొమ్మ వేసి వేరేది అని నమ్మించడమే తప్పు. కార్డిసెపిన్ అని ప్రచారంలో ఉన్న పదార్థాన్ని 1950 ప్రాంతంలో మొదట వేరుచేసింది కూడా మిలిటారిస్ నుంచే. కీడాజడి జన్యువులను పరిశీలించినప్పుడు కార్డిసెపిన్ తయారుచేసే జన్యు సముదాయం అందులో లేదని తేలింది. అంటే కార్డిసెపిన్ కోసం కీడాజడి కొనేవాడు లేనిదానికి లక్షలు పోస్తున్నాడు!

ఇక చైనా రన్నర్ల కథ. 1993లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో చైనా మహిళలు 1500, 3000, 10,000 మీటర్ల పరుగుల్లో స్వర్ణాలు గెలిచారు. వాళ్ల కోచ్ మా జున్‌రెన్ ఆ విజయం కఠోర శిక్షణదీ, తాబేలు రక్తందీ, ఈ శిలీంధ్రపు కషాయందీ అని చెప్పాడు. ప్రపంచమంతా దీని ధర పెరగడానికి ఆ మాట ఎంతగానో తోడ్పడింది. తర్వాత జరిగింది మాత్రం ఎవరూ మీకు చెప్పరు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు రక్తపరీక్షల్లో అనుమానం వచ్చి ఆ కోచ్ శిష్యులను పలువురిని జట్టు నుంచి తప్పించారు. ఆరోగ్యవంతులైన క్రీడాకారుల మీద చేసిన చిన్న చిన్న ప్రయోగాల ఫలితాలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. కొన్నిటిలో కొంచెం మేలు, కొన్నిటిలో ఏమీ లేదు.

అయితే పురుగులను తినే శిలీంధ్రాలను తేలిగ్గా తీసెయ్యకండి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా వేసుకునే సైక్లోస్పోరిన్ మందు నార్వే మట్టిలో దొరికిన ఒక శిలీంధ్రం నుంచి వచ్చింది. అది కీడాజడి కుటుంబానికి చెందినదే. ఆ మందుకు విలువ వచ్చింది ఏళ్ల తరబడి పరీక్షించి, మోతాదు తేల్చినందువల్ల. కొండ మీద దొరికిందన్నందువల్ల కాదు.

రక్తం పలచబరిచే మాత్రలు, షుగర్ మాత్రలు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు కార్డిసెప్స్ పేరుతో ఏదీ డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు. అసలు కీడాజడి అని పొడి రూపంలో అమ్మేదాన్ని ఎవరూ కొనవద్దు. బరువు పెంచడానికి పురుగులో సీసపు తీగ దూర్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2016లో చైనా ఔషధ నియంత్రణ సంస్థ కూడా ఇలాంటి ఉత్పత్తుల్లో ఆర్సెనిక్ పరిమితికి మించి ఉందని హెచ్చరించింది. మీ స్టామినాకు నిద్ర, తిండి, క్రమంగా పెంచుకునే పరుగు చాలు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇక్కడి షాపుల్లో బరువు తగ్గడానికి కారల్లుమా క్యాప్సూల్స్ అమ్ముతున్నారు. ఇండియా మొక్క అని రాసి ఉంది. మన కుందేటి కొమ్ములేనా? పని చేస్తుందా?
– ఒక పాఠకురాలు, డాలస్

అవునమ్మా, మన మొక్కే. సీసాల మీద కారల్లుమా ఫింబ్రియాటా అని రాస్తారు. అది అడ్‌సెండెన్స్‌లోనే ఒక రకం. కరువు కాలంలో, వేటకు పోయినప్పుడు దీన్ని నమిలి ఆకలి చంపుకునేవారన్న గ్రామాల అనుభవమే ఈ వ్యాపారానికి మూలం.

దీని మీద బెంగళూరులో జరిగిన ఒక ప్రయోగం 2007లో అచ్చయింది. 50 మంది పెద్దవాళ్లను తీసుకుని, కొందరికి రోజుకు ఒక గ్రాము సారం, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర 60 రోజులు ఇచ్చారు. సారం తీసుకున్నవారిలో నడుము చుట్టుకొలత, ఆకలి తగ్గాయి. బరువులో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రకటనల్లో మొదటి వాక్యమే ఉంటుంది, రెండోది ఉండదు. నా అభిప్రాయం అడిగితే, ఆకలిని కాస్త నెమ్మదింపజేసే ఆహారంగా దీన్ని గౌరవించవచ్చు, బరువు తగ్గించే మందు అని నమ్మకూడదు. ఎలుకల్లో రక్తంలో చక్కెర తగ్గించినట్టు ప్రయోగాలున్నాయి కాబట్టి షుగర్ మాత్రలు వేసుకునేవారు జాగ్రత్త పడాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకపోవడమే మంచిది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్తాను. దక్షిణాఫ్రికాలో హుడియా అని దీనికి దగ్గరి చుట్టం ఉంది. కలహారి ఎడారిలోని శాన్ ప్రజలు దాన్ని ఆకలి తీరడానికి నమిలేవారు. అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ గుణం మీద పేటెంటు తీసుకుంది. అసలు హక్కుదారులైన శాన్ ప్రజలతో లాభాల పంపకం ఒప్పందం కుదిరింది మాత్రం 2003లో. ఆ తర్వాత ప్రపంచమంతా హుడియా వెర్రి పట్టింది, ఎడారిలో మొక్కలను పీకేశారు. 2004లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చాల్సి వచ్చింది. 2008లో యూనిలీవర్ కంపెనీ, భద్రత గురించీ పనితనం గురించీ నమ్మకం కుదరక, హుడియాతో మొదలుపెట్టిన తన పథకాన్ని వదిలేసింది. వెర్రి తగ్గింది కానీ పీకేసిన మొక్కలు తిరిగి రాలేదు. మన కుందేటి కొమ్ములకు ఆ గతి పట్టకూడదు. మీరు కొనే సీసా మీద సాగు చేసిన మొక్క నుంచి అని రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే కంపెనీకి ఉత్తరం రాసి అడగండి. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఇలాంటి వ్యాపారంలో స్థానికులకు వాటా దక్కాలి.

రెండింటిలో ఏది ఎక్కువ అరుదు? శిలీంధ్రం నేలలోపల ఉంటుంది కదా, అది అరుదని ఎలా లెక్కిస్తారు?
– ఇంటర్ విద్యార్థిని, వనపర్తి

చాలా మంచి ప్రశ్న వేశావమ్మా. ఈసారి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చినది.

మొక్కను లెక్కపెట్టడం తేలిక. గుట్ట ఎక్కి గుబుర్లు లెక్కేస్తాం, వచ్చే ఏడు మళ్లీ వెళ్లి చూస్తాం. శిలీంధ్రం శరీరమంతా కంటికి కనబడని పోగులు. మట్టిలోనో, చెక్కలోనో, పురుగులోనో దాగి ఉంటుంది. పైకి వచ్చే గొడుగో కాడో బీజాలు వెదజల్లడానికి మాత్రమే. ఒక ఏడు కనబడకపోతే చచ్చిపోయిందనడానికి లేదు, కనబడింది కాబట్టి క్షేమమనడానికీ లేదు. అందుకే శాస్త్రజ్ఞులు అది బతికే చోటు ఎంత మిగిలింది, అది ఆధారపడిన ప్రాణి ఎంత మిగిలింది, ఏరేవాళ్లకు ఏడాదికేడాది ఎంత దొరుకుతోంది అన్నవి కలిపి అంచనా వేస్తారు. ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు దాదాపు 1,55,000. వాటిలో ప్రమాదం ఎంతో పరిశీలించి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఎర్రజాబితాకు ఎక్కించినవి 2025 మార్చి నాటికి 1,300 మాత్రమే. వాటిలో కనీసం 411 ముప్పులో ఉన్నాయి.

కీడాజడిని ఆ జాబితాలో 2020లో చేర్చారు. హాని పొందే స్థితిలో ఉన్న జాతి అన్నారు. 15 ఏళ్లలో కనీసం 30 శాతం తగ్గిందని అంచనా. 2018లో కెల్లీ హాపింగ్ బృందం చైనా, నేపాల్, భూటాన్, భారత్‌లలో ఏరేవాళ్ల అనుభవాలను, వాతావరణ వివరాలను కలిపి చూసింది. అతిగా ఏరడంతో పాటు చలికాలాలు వేడెక్కడం కూడా కారణమని తేల్చింది. దీనికి గడ్డకట్టే చలి కావాలి. వేడి పెరిగిందని ఇంకా పైకి పోదామంటే కొండకు ఒక శిఖరం ఉంటుంది, ఆ పైన చోటు లేదు.

ఇక్కడ ఒక వాదన తరచూ వినిపిస్తుంది. పుట్టగొడుగు కోస్తే మామిడిచెట్టు నుంచి కాయ కోసినట్టే, చెట్టుకు నష్టం లేదు అని. చాలా పుట్టగొడుగుల విషయంలో అది నిజమే. కీడాజడి దగ్గర మాత్రం కాయతో పాటు చెట్టునూ వేరుతో సహా పెకలించినట్టు అవుతుంది, ఎందుకంటే దాని శరీరమంతా ఆ ఒక్క పురుగులోనే ఉంది. పైగా మార్కెట్లో ఎక్కువ ధర పలికేది కాడ పొట్టిగా, పురుగు గట్టిగా ఉన్నది. అంటే బీజాలు ఇంకా రాల్చనిది. కోత మే నుంచి జూలై మొదలుదాకా. బీజాలు పక్వమయ్యేది దాదాపు ఆ చివరి రోజుల్లోనే. వచ్చే ఏటి పంటకు విత్తనం పడకముందే తవ్వి తీసేస్తున్నారన్నమాట.

కుందేటి కొమ్ముల సంగతి వేరు. మన గుట్టల మీద ఇప్పటికీ బాగానే దొరుకుతాయి. మొదలు వదిలి పైన కోస్తే పక్కనుంచి కొత్త కొమ్మ లేస్తుంది. విరిచిన ముక్క పాతినా బతుకుతుంది. అయితే దీని చుట్టాల్లో కొన్ని ఒక్కొక్క కొండకో, ఒకటి రెండు జిల్లాలకో పరిమితమైనవి ఉన్నాయి. గ్రానైట్ కోసం ఒక గుట్టను కోసేస్తే అలాంటి జాతి మొత్తం పోవచ్చు.

కాబట్టి జవాబు: కీడాజడే అరుదు. కానీ నువ్వు జీవశాస్త్రం చదివేదానివైతే ఎంత ఉంది అన్నదానితో ఆగవద్దు, మనం తీసుకున్నాక అక్కడ ఏం మిగిలింది అని కూడా అడుగు. ఒకచోట మొదలు మిగులుతుంది, మరోచోట గుంత మిగులుతుంది.

మన పక్కనే ఇంకో ఉదాహరణ కావాలంటే వానాకాలం రోడ్ల పక్కన అమ్మే పుట్టకొక్కులను చూడు. అవి చెదపురుగులతో కలిసి బతికే శిలీంధ్రాలు. పుట్టలోపల చెదలు వాటిని సాగు చేస్తాయి. మనుషులు మాత్రం ఇప్పటికీ వాటిని పాల పుట్టగొడుగుల్లా షెడ్డుల్లో పండించలేకపోతున్నారు. పుట్టను తవ్వేస్తే వచ్చే ఏడు అక్కడ కొక్కు ఉండదు.

కార్డిసెప్స్ సాగు నేర్పిస్తామంటూ రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. ల్యాబ్ పెట్టడానికి ఆరు లక్షలు అడుగుతున్నారు. పంటంతా వాళ్లే కొంటారట. దిగమంటారా?
– ఒక నిరుద్యోగ పట్టభద్రుడు, ఖమ్మం

వాళ్లు నేర్పింది మిలిటారిస్ సాగు, కీడాజడి కాదు. కీడాజడిని చైనాలో కొన్ని సంస్థలు ఏళ్ల శ్రమతో, పురుగులను కూడా పెంచి, పెద్ద ఎత్తున పండించగలుగుతున్నాయి. ఖమ్మంలో ఒక గదిలో అయ్యే పని కాదది.

మిలిటారిస్ సాగు అబద్ధం కాదు. బియ్యం, పోషకాల ద్రవం కలిపి సీసాల్లో ఉడికించి, సూక్ష్మజీవులు లేకుండా చేసి, విత్తనం వేసి, 20 డిగ్రీల దగ్గర ఉంచితే రెండు నెలలకు పంట వస్తుంది. మన ఎండాకాలంలో ఆ 20 డిగ్రీలకు వచ్చే కరెంటు బిల్లు ముందు లెక్కేసుకోండి. రెండో చిక్కు విత్తనం. దీన్ని మళ్లీ మళ్లీ తిరగవేస్తే కాడలు రావడం మానేస్తుంది, కాబట్టి ప్రతిసారీ మంచి విత్తనానికి ఇంకొకరి మీద ఆధారపడాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. పంటంతా మేమే కొంటాం అనే మాటను రాతపూర్వకంగా, ధరతో సహా, తిరస్కరించే షరతులతో సహా అడగండి. అంతకుముందు కట్టినవారి ఇళ్లకు స్వయంగా వెళ్లి, వాళ్లకు నిజంగా డబ్బు ముట్టిందా అని కనుక్కోండి. ఇవన్నీ చూపించకపోతే ఆరు లక్షలు పెట్టవద్దు, ముఖ్యంగా అప్పు తెచ్చి అసలే వద్దు. పుట్టగొడుగుల మీద ఆసక్తి ఉంటే తక్కువ పెట్టుబడితో ముత్యపు చిప్ప పుట్టగొడుగులతోనో, పాల పుట్టగొడుగులతోనో మొదలుపెట్టండి. మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి.

కుందేటి కొమ్ములు కుండీలో పెంచుతున్నాను. బాగా నీళ్లు పోస్తున్నా అడుగు నల్లబడి మెత్తగా అయిపోతోంది. ఏం చేయాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, కడప

బాగా నీళ్లు పోయడమే జబ్బండీ. అడుగు నల్లబడటం కూడా శిలీంధ్రాల పనే. మట్టిలో ఎప్పుడూ ఉండే కుళ్లు బూజులు తడి ఆరని చోట వేరు మెడను పట్టుకుంటాయి. కొండల్లో ఒక శిలీంధ్రం పురుగును తిన్నట్టే మీ కుండీలో ఇంకొకటి మొక్కను తింటోంది.

నల్లబడిన భాగానికి పైన, లోపల పచ్చగా, గట్టిగా ఉన్నచోట శుభ్రమైన కత్తితో కోసేయండి. కత్తిని ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడవండి. ముక్కలను నీడలో నాలుగైదు రోజులు పడేసి, కోసిన చోట ఎండి పొర కట్టాక నాటండి. తడిగా ఉండగానే పాతితే మళ్లీ కుళ్లుతుంది. పాత మట్టిని ఇంకో మొక్కకు వాడవద్దు. కొత్త మిశ్రమంలో ముతక ఇసుక, చిన్న గులకరాళ్లు సగం పైనే ఉండాలి, మిగతాది ఎర్రమట్టి, కొంచెం బాగా చివికిన ఎరువు. కుండీ మట్టిదైతే మంచిది, అడుగున రంధ్రం తప్పనిసరి. నాటాక వారం దాకా నీళ్లు వద్దు. ఆ తర్వాత మట్టి లోపలిదాకా ఆరితేనే పోయాలి. వానాకాలంలో చూరు కిందికి జరపండి, చలికాలంలో నెలకు ఒకసారి పోసినా చాలు. పొద్దుటి ఎండ తగలాలి, కడప మే నెల మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకూడదు. పూసినప్పుడు వాసన వస్తుంది కాబట్టి కిటికీకి కాస్త దూరంగా పెట్టుకోండి.

పచ్చడికి కావాలంటే లేత కొనలు కోసుకోండి. ఒక కుండీ రెండు మూడేళ్లలో ఇంటికి సరిపడా ఇస్తుంది, పక్కింటివారికి నాలుగు ముక్కలు పంచడానికీ మిగులుతుంది.

ఈ ఉత్తరాలు చదువుతున్న గుట్టల పక్క ఊళ్లవారికి ఒక మనవి. ఈ వానలకు కుందేటి కొమ్ములు కోయబోతే వేరు పెకలించవద్దు. జానెడు మొదలు వదిలి పైన కోయండి. కాయలు పట్టిన గుబురును ఆ ఏడాదికి ముట్టుకోకండి. వాటికి నీడనిచ్చే కంపను కూడా కొట్టవద్దు.